రెండుసార్లు అడిగింది

జులై 3, బుధవారం

ఈ నోటుబుక్కు రాజేంద్ర కొని తెచ్చాడు. రాజేంద్ర నా మరిది. ఈ హిందీ ఊళ్ళో ఉక్కు ప్లాంటులో యూనియన్ పనులు చూస్తాడు. "జరిగినదంతా తేదీలేసి రాసీ వదినా. వచ్చే నెల డాక్టరు మీద ఎంక్వైరీలో నిన్నే అడుగుతారు. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన నేకపోతే పట్టీసుకుంటారు" అన్నాడు. నేను మా ఊళ్ళో ఐదు దాకా చదివాను. రాయడం వచ్చు, గబగబా రాదు. సరే అన్నాను.

నా కూతురు పేరు ఛాయ. ఇరవై రెండేళ్ళు. స్మృతి నగర్‌లో చిన్నపిల్లల బడిలో టీచరు. జూన్ తొమ్మిది ఆదివారం రాత్రి దానికి అపెండిక్స్ ఆపరేషన్. మత్తు ఎక్కుతుండగా వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగిపోయిందట. మూడు రోజులు మిషన్ మీద ఉంచారు. పన్నెండో తారీకు మధ్యాహ్నం పోయింది.

మత్తు ఇచ్చింది డాక్టర్ ఫ్లోరా. మత్తుకి ముందు పేషెంటు ఏమైనా తిన్నదా అని అడగాలి. ఆమె అడగలేదు. నర్సు కూడా అడగలేదు. ఖాళీ కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నారు.

ఇక్కడిదాకా రాజేంద్ర ఎలా చెప్పమన్నాడో అలాగే రాశాను.

జులై 4

అడిగింది.

జులై 6, శనివారం

ఈ పుస్తకం ఇంక ఎవరికీ చూపించను. రాజేంద్రకి వేరే కాగితం రాసి ఇచ్చేశాను. దీన్ని పాత దుప్పట్ల మధ్య పెడుతున్నాను.

అడిగింది, నేను లేదన్నాను. అంతే. ఆ తిన్నది మాత్రం ఎంత, రెండు ముద్దలు. పిల్ల ఆకలంది. ఆకలన్న పిల్లకి రెండు ముద్దలు పెట్టకుండా ఏ తల్లి కూర్చుంటుంది. రెండు ముద్దలకి మనిషి పోతుందా.

మా ఆయనకి తెలియదు. ఆయన ఆ రాత్రి నైట్ షిఫ్ట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఉన్నాడు. ఇప్పుడు రోజూ అన్నం ముందు కూర్చుని అదే మాట. "నాను డ్యూటీకి ఎల్లకుండా ఉంటే నాలుగు మాటలు అడిగీవోడిని. నువ్వు ఒక్కత్తివి. హిందీ అంతంతమాత్రం. నీ తప్పేటుందే."

రోజూ అంటాడు. రోజూ వింటాను.

జులై 7, ఆదివారం

ఆదివారం వస్తే ఇంట్లో నిలవలేకపోతున్నాను. ఆ రోజు సంగతి వరసగా రాసేస్తే తలలో తిరగడం ఆగుతుందేమో.

శనివారం రాత్రి కడుపు నొప్పి అంది. వాము నీళ్ళు కాచి ఇచ్చాను. తెల్లారేసరికి మెలికలు తిరుగుతోంది. ఆటోలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం, ఆయనా నేనూ. స్కానింగ్ తీసి అపెండిక్స్ అన్నారు. సర్జన్ గారు ఊళ్ళో లేరు, సోమవారం పొద్దున చేస్తారు, అంతవరకు ఇంజక్షన్లతో ఆపుతాం అన్నారు. నోటికి ఏమీ ఇవ్వొద్దని సిస్టరు చెప్పింది. మంచానికి ఒక అట్ట కూడా కట్టింది. సెలైన్ పెట్టాక నొప్పి కొంచెం తగ్గింది. ఆయన ఐదింటికి ఇంటికి పోయి, గంట పడుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. సోమవారం కదా అని.

పక్క మంచం మీద నందిని మైన్స్ అవతలి పల్లె ఆవిడ ఉంది. శనివారం రాత్రి ఆమెని ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకెళ్ళి వెనక్కి పంపేశారట. "చాయ్ తాగానని నిజం చెప్పాను బహినీ. దించేశారు. రాత్రంతా నొప్పితో చచ్చాను. అడిగితే లేదని చెప్పాల్సింది" అని నాతో అంది. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

ఏడున్నరకి వరలక్ష్మమ్మ వచ్చింది. మా పక్క క్వార్టరు. నా కోసం డబ్బాలో పెసరపప్పు అన్నం తెచ్చి ఇచ్చి వెళ్ళింది. రేపు పొద్దున కదా ఆపరేషన్, ఇంకా రాత్రంతా ఉంది కదా అనుకున్నాను. మా అత్తవారింట్లో ఒక పట్టింపు ఉంది. చెవులు కుట్టించినా, పచ్చబొట్టు పొడిపించినా, కురుపు కోయించినా ముందు మెత్తన్నం పెట్టి గానీ పంపరు. ఖాళీ కడుపు మీద ఇనుము పడకూడదు అంటారు. నేను కోడలిగా వచ్చిన ఏడాది నా పన్ను పీకించడానికి కూడా ముందు అన్నం తినిపించారు. ఛాయ ఆకలంది. పెట్టాను.

తొమ్మిదిన్నరకి అరిచింది. కడుపు చెక్కలా బిగిసిపోయింది. లోపల పగిలిందన్నారు. అందరికీ ఫోన్లు వెళ్ళాయి. సర్జన్ గారు దారిలో ఉన్నారు, గంటలో వస్తారన్నారు. మత్తు డాక్టరు ముందు వచ్చింది. ఇంకో ఆస్పత్రిలో కాన్పు ఆపరేషన్ చేయించి అక్కడి బట్టల మీదే వచ్చింది. రాత్రుళ్ళూ, శని ఆదివారాలూ ఆమెదే డ్యూటీ అట. లిఫ్ట్ దగ్గర నిలబడి బిస్కెట్ పొట్లం చింపి రెండు ఒకేసారి నోట్లో పెట్టుకుంది. ఎవరి బిడ్డో, ఏ వేళకి తిన్నదో అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే మన డైసీ కూతురు.

ఇరవై ఏళ్ళ కిందట నందిని మైన్స్ కాలనీలో డైసీ వాళ్ళది మా ఎదురు క్వార్టరు. ఫ్లోరా అప్పటికే పెద్దపిల్ల. ఛాయని చంకనేసుకుని కాలనీ అంతా తిప్పేది.

"అచ్చమ్మ ఆంటీ? యే ఛాయ హై? మన ఛాయనా?" అంది. దాని నుదుటి మీద చెయ్యి వేసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది, మనవాళ్ళే దొరికారని. తరవాత అడిగింది. "ఆంటీ, కుఛ్ ఖిలాయా? అన్నం, చాయ్, పానీ, ఏమైనా?"

"ఏటీ నేదమ్మా. పొద్దున్నుంచి ఏటీ నేదు."

"పక్కా?"

"పక్కా."

అడిగింది అంతే. ఒకసారి.

జులై 8

ఒకసారి అడిగితే ఎవరైనా తొట్రుపడతారు.

జులై 12, శుక్రవారం

వాన. వంటింట్లో మళ్ళీ కారుతోంది. బకెట్ పెట్టాను.

రాజేంద్ర సాయంత్రం వచ్చి నాకు నేర్పాడు. తను ఛైర్మన్‌లా కుర్చీలో కూర్చుని గొంతు మార్చి "డాక్టర్ నే పూఛా థా?" అన్నాడు, డాక్టరు అడిగిందా అని.

"నేదు" అన్నాను.

"నేల కేసి సూడకు వదినా. తలెత్తి 'నహీ సాబ్' అను."

"నహీ సాబ్."

"ఇంకోపాలి."

"నహీ సాబ్."

వరలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏటి బాబూ, నాటకం నేర్పుతున్నావా? మీటింగుల్లో మీ వోళ్ళే నీ మాట ఇనరు, ఆవిడ ఇనాలా?"

"నువ్వూరుకో పిన్నీ. ఆ డాక్టరు తెలిసినోళ్ళ పిల్లంట. తెలిసినోళ్ళే గొంతు కోస్తారు. దాని డిగ్రీ కాగితం సింపించీకపోతే నా పేరు రాజేంద్ర కాదు."

"నీ పేరేటైతే నాకేటి. పాపం అచ్చమ్మ. ఆ రోజు నా డబ్బాలో అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాది. అంత బెంగలో కూడా తిన్నాది గదా, గట్టి మనిషి, తట్టుకుంటాది అనుకున్నాను."

పొయ్యి ఆర్పాలని లోపలికి వెళ్ళాను. పొయ్యి ముట్టించనే లేదు.

అవును. రెండు ముద్దలు కాదు. డబ్బా ఖాళీ అయింది. డబ్బా కడిగి ఇచ్చింది నేనే.

జులై 14, ఆదివారం

సుపేలా ఆదివారం బజారుకి వెళ్ళాను. వంకాయలు ఏరుతుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. డైసీ. చిక్కిపోయింది. జుట్టు సగం నెరిసింది. పారిపోదామంటే సంచి పట్టుకుంది.

"అచ్చమ్మక్కా, బాగున్నావా అని అడగను. అడక్కూడదు కూడా. మీ ఇంటి కోసం ప్రార్థన చేస్తున్నాం. మీరు ఏమనుకున్నా సరే."

నేను వంకాయలు ఏరుతూనే ఉన్నాను.

"మా పాపని డ్యూటీకి రావద్దన్నారు. నెల అయింది. అయినా రాత్రుళ్ళు ఫోను తలకింద పెట్టుకునే పడుకుంటోంది. మోగకుండానే లేచి కూర్చుంటోంది. వాళ్ళ నాన్న విలియం గారు ఫోను దాచేస్తే ఏడ్చింది."

కూరగాయలమ్మి తూకం వేసి ఇచ్చింది. తీసుకోలేదు నేను.

"ఒక్క మాట అడుగుతా అక్కా. కోపం తెచ్చుకోకు. మొదట్లో అడిగానమ్మా, నేను అడిగాను అనేది. మీరందరూ అడగలేదు అడగలేదు అంటుంటే ఇప్పుడు దానికే నమ్మకం పోతోంది. ముందు రోజు రాత్రి కూడా నిద్ర లేదు, వరసగా నాలుగు కేసులు, వేరే ఎవరినో అడిగి ఇక్కడ అడిగాననుకున్నానేమో అంటోంది. నీ నోటితో ఒక్కసారి చెప్పు. అడిగిందా, లేదా? అడగలేదంటే దానికి అదే చెప్తాను. ఏదో ఒకటి తెలిస్తే నిద్రపోతుంది."

"నాకు గుర్తు నేదు డైసీ" అన్నాను.

సంచి వదిలేసింది. "పోన్లే అక్కా" అంది.

వంకాయలు అక్కడే మర్చిపోయి వచ్చాను. ఏమీ కొనలేదేమే అన్నాడు ఆయన. బజారు లేదన్నాను. అబద్ధం ఇప్పుడు నా నోట్లో ఉమ్మి ఊరినట్టు ఊరుతోంది.

జులై 15

పిల్ల ఆకలంది కాబట్టి పెట్టాను. ఎవరైనా పెడతారు.

జులై 21, ఆదివారం

నిన్న రాత్రి పదింటికి పక్క ఇంట్లో గోల. వరలక్ష్మమ్మ వాళ్ళాయనకి గజ్జల్లో హెర్నియా బిగుసుకుపోయింది. వాంతులు. అంబులెన్స్‌లో ఆ ఆస్పత్రికే తీసుకెళ్ళారు. మా ఆయన కూడా తోడు వెళ్ళాడు. అక్కడ సర్జన్ ఉన్నాడట, మత్తు ఇచ్చేవాళ్ళు లేరట. సోమవారం దాకా ఎవరూ రారట. రాయపూర్ పంపేశారు.

ఈ రోజు మధ్యాహ్నం వరలక్ష్మమ్మ బట్టల కోసం ఇంటికి వచ్చింది. బతికాడు. ఆలస్యమైందని పేగు ముక్క కోసేశారట.

"రాత్రి కేసులు, ఆదివారం కేసులు అన్నీ ఆ పిల్లే సేసీదంట" అంది చీరలు మడత పెడుతూ. "ఇప్పుడు ఇంట్లో కూకోబెట్టీసినారు గదా."

"నా వల్లే అంటావేటి" అన్నాను.

"నిన్ను నానేటన్నాను? నువ్వు బిడ్డని పోగొట్టుకున్నదానివి. నిన్ను ఎవుడంటాడు?"

అదే. నన్ను ఎవరూ ఏమీ అనరు. బిడ్డ పోయిన తల్లిని అని అందరూ దారి ఇస్తున్నారు. రేషను దుకాణంలో కూడా ముందుకి రమ్మంటున్నారు. ఎవరైనా ఒకరు నన్ను పట్టుకుని, ఏమే, ఏం చేశావు అని అడిగితే బాగుండును. అడిగినది ఒక్క డైసీ. దానికి గుర్తు లేదని చెప్పాను.

జులై 22

ఆయన అన్నం తినడం మొదలుపెట్టాడు. నెలన్నర తరవాత రెండోసారి పెట్టించుకున్నాడు. ఎంక్వైరీ ఆగస్టు ఎనిమిది అని కాగితం వచ్చింది. "ఆ కుర్చీలో దానికి తల వొంచీయించాలి. తరవాత నాను సచ్చినా పరవానేదు" అన్నాడు. ఆ కసి మీదే బతుకుతున్నాడు. దాన్ని తీసేస్తే ఆయనకి ఏం మిగులుతుంది. రెండేళ్ళలో రిటైరు. ఈ రెండు గదుల క్వార్టరులో నేనూ ఆయనా. నిజం చెప్పి ఆయన ఎదురుగా ఎలా కూర్చోవాలి. చెప్పకుండా ఎలా కూర్చోవాలి.

జులై 29

ఛాయ బడి నుంచి ఫోను. దాని అల్మారా ఖాళీ చేశారట, సామాను తీసుకెళ్ళమన్నారు. వెళ్ళలేదు.

ఆగస్టు 1, గురువారం

రెండుసార్లు అడిగింది.

ఇది రాయకూడదనుకున్నాను. పుస్తకంలో కూడా దాచుకున్నాను.

ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపించింది. ఆకుపచ్చ టోపీ పెట్టుకుంది. వంగి నా చెవి దగ్గర మెల్లగా మాట్లాడింది, నర్సులకి వినపడకుండా. "ఆంటీ, ఇంకోసారి అడుగుతున్నాను. సచ్ బోలియే, నిజం చెప్పండి. నేను గుస్సా చెయ్యను. తిన్నా కూడా ఆపరేషన్ ఆపను, ఆపితే ఛాయకే ఖత్రా. తిన్నదంటే ముందు ముక్కులోంచి పైపు వేసి కడుపు ఖాళీ చేస్తాను, మత్తు వేరే తీరుగా ఇస్తాను. అందుకే అడుగుతున్నాను."

అంత విడమర్చి చెప్పింది. వెనక్కి పంపను అంది. పక్క మంచం ఆవిడకి జరిగింది నాకు జరగదని అప్పుడే తెలిసింది. అయినా చెప్పలేదు.

ఎందుకంటే అప్పటికే సిస్టరు దగ్గర లేదని చెప్పి సంతకం పెట్టాను. ఆ సిస్టరు అక్కడే ఉంది. ఔనంటే, ఇందాక అబద్ధం చెప్పావా అంటుంది. అందరి ముందు. డైసీ కూతురి ముందు.

ఛాయ నా వైపు చూసింది. "అమ్మా" అని ఏదో అనబోయింది. నేను దాని చెయ్యి నొక్కాను. అది నోరు మూసుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యి నొక్కితే ఊరుకుంటుంది.

"నేదమ్మా. ఏటీ తిన్నేదు" అన్నాను.

ఫ్లోరా నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సిగ్గుకి. భయం కూడా కాదు. సిగ్గుకి.

ఆగస్టు 7, బుధవారం

రాజేంద్ర హిందీలో టైపు చేయించిన కాగితం తెచ్చాడు. కింద సంతకం పెట్టు వదినా, లోపల మాట్లాడే పనే ఉండదు అన్నాడు. పెట్టాను.

ఆయన రేపటి కోసం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఆగస్టు 8, గురువారం

ఈ రోజే రాయాలి.

పెద్ద బల్ల. అవతల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో తెల్ల జుట్టాయన ఛైర్మన్. బల్ల చివర ఫ్లోరా, ముదురు రంగు చుడీదారులో. నా వైపు ఒక్కసారి చూసి కళ్ళు దించుకుంది. తల్లీ తండ్రీ మాత్రమే అన్నారు. రాజేంద్రని బయట ఆపేశారు.

ఛైర్మన్ టైపు కాగితం చదివి పక్కన పెట్టాడు. మర్యాదగానే మాట్లాడాడు. అమ్మా, ఇవి మీ మాటల్లా లేవు, మీరే చెప్పండి అని హిందీలో అన్నాడు. తలెత్తి 'నహీ సాబ్' అనాలి. గొంతు రాలేదు. నీళ్ళు ఇచ్చారు. అయినా రాలేదు. అయితే మీ భాషలో రాయండి, తొందర లేదు అని తెల్ల కాగితం, పెన్ను ముందు పెట్టాడు.

రాయడం మొదలుపెట్టేవరకూ ఏం రాస్తానో నాకు తెలియదు. ఈ పుస్తకంలో రాసి రాసి చెయ్యి ఆ దారికి అలవాటు పడిపోయిందేమో. నేను రాసేలోపు వాళ్ళు చాయ్ తెప్పించుకుని తాగేశారు.

"కౌన్ పఢేగా?" అన్నాడు ఛైర్మన్. ఫ్లోరా తల అడ్డంగా ఊపింది. మాట్లాడుతుంది గానీ తెలుగు చదవడం రాదు, ఇక్కడ పుట్టిన పిల్లలకి ఎవరికీ రాదు. సరే, తరవాత ఎవరి చేతనైనా అనువాదం చేయిస్తాం అన్నాడు ఛైర్మన్.

మా ఆయన లేచాడు. తెల్ల చొక్కాలో పెళ్ళివాళ్ళ ఇంటి మనిషిలా ఉన్నాడు. "మై పఢూంగా సాబ్. మేరీ ఘర్‌వాలీ కా లిఖా హై."

ఛైర్మన్ నన్ను చూశాడు, సరేనా అన్నట్టు. వద్దు అనవచ్చు. కాగితం నా చేతి కిందే ఉంది. చెయ్యి తీశాను.

ఆయన ముందుగా చదువుకోలేదు. ఒక్కో వాక్యం తెలుగులో పైకి చదివి, హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆదివారం రాత్రి ఏడున్నరకి నా కూతురికి నేను అన్నం పెట్టాను."

హిందీ కోసం నోరు తెరిచి ఆగిపోయాడు. మళ్ళీ ఆ వాక్యమే లోపల చదువుకున్నాడు, పెదవులు కదిలాయి. ఫ్యాను తిరుగుతోంది. ఛైర్మన్ "హాఁ జీ?" అన్నాడు. అప్పుడు చెప్పాడు, హిందీలో, ఒక్క ముక్క వదలకుండా.

"డబ్బాలో మెతుకు మిగల్లేదు." చెప్పాడు.

"డాక్టరమ్మ వచ్చి ఏమైనా తిన్నదా అని అడిగింది. లేదన్నాను." చెప్పాడు.

"గది తలుపు దగ్గర రెండోసారి అడిగింది. తిన్నా సరే ఆపరేషన్ చేస్తానంది. అప్పుడూ లేదన్నాను."

ఇది చెప్పేటప్పుడు బల్ల మీద చెయ్యి ఆనించుకున్నాడు.

"ఛాయ చెప్పబోయింది. నేను చెయ్యి నొక్కి ఆపాను."

దీనికి హిందీ చాలాసేపు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి హిందీలో డ్యూటీ చేస్తున్న మనిషి. 'హాథ్' అన్నాడు, ఆగాడు, 'హాథ్ దబాయా' అన్నాడు. కాగితాన్ని బల్ల అంచుకి సరిగ్గా సర్ది పెట్టాడు. "బస్, ఇత్‌నా హీ లిఖా హై" అని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

ఫ్లోరా తెలుగులో అడిగింది. "ఆంటీ, నేను రెండుసార్లూ అడిగానా?"

"అడిగావమ్మా. రెండుసార్లూ అడిగావు."

చేతులతో మొహం కప్పుకుంది. నేను అటు చూడలేకపోయాను.

ఛైర్మన్ ఇంకా ఏదో అన్నాడు. ఎమర్జెన్సీ అంటే ఎవరేం చెప్పినా కడుపు నిండుగానే ఉందనుకుని మత్తు ఇవ్వాలి, అది కూడా డాక్టర్ ఫ్లోరాని అడుగుతాం అని. ఫ్లోరా "యస్ సర్" అంది.

బయట రాజేంద్ర ఎదురొచ్చాడు. "ఏటైంది అన్నయ్యా?"

"ఇంటికెల్లిపో" అన్నాడు ఆయన.

స్కూటరు మీద ఇంటికి వచ్చాం. దారిలో రెండు గేట్లు, ఒక రైలు.

ఆగస్టు 9

ఛైర్మన్ అన్న మాట పట్టుకుని రాత్రంతా పడుకున్నాను. ఎవరేం చెప్పినా నిండుగానే అనుకోవాలట. అంటే నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే కదా. ఒకటే కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

తెల్లారేసరికి ఆ మాట కూడా పాచిపోయింది. ఆమెకి పడాల్సింది ఆమెకి పడుతుంది. నాది నాదే.

ఆగస్టు 10

అన్నం పెట్టబోతే ఆయన గరిటె నా చేతిలోంచి తీసుకున్నాడు. విసురుగా కాదు, మెల్లగానే. తనే పెట్టుకున్నాడు. నిన్నా అంతే.

ఆగస్టు 12, సోమవారం

రాజేంద్ర ఫోను చేశాడు. "నా నోట్లో మన్ను కొట్టీసినావు వదినా. అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని సేసీసినావు. ఈ మాట నాతో ముందే సెప్పుంటే నాను ఈ గోల మొదలెడుదునా?" అని, "నా సేతుల్లో పెరిగిన పిల్ల" అన్నాడు. ఏడుస్తున్నాడు. పెట్టేశాడు.

చెప్పి ఉంటే మొదలెట్టేవాడు కాదు. అది నిజమే.

వరలక్ష్మమ్మకి ఎవరో చెప్పారు. రెండు రోజులుగా గుమ్మంలోకి రావడం లేదు. ఆ డబ్బా ఆమెది.

ఆగస్టు 14

మాట లేదు.

ఆగస్టు 17, శనివారం

వరలక్ష్మమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పింది. ఫ్లోరాకి జాగ్రత్తగా ఉండమని ఒక లెటరు ఇచ్చారట, డ్యూటీకి రమ్మన్నారట. నిన్న రాత్రి కాన్పు కేసు చేసిందట. తల్లీ పిల్లా బాగున్నారట. "నీకు సెప్పాలనిపించి వొచ్చాను" అంది. లోపలికి రమ్మంటే పనుందంది.

ఆగస్టు 18, ఆదివారం

రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పది రోజుల తరవాత మాట్లాడాడు.

"అది ఆకలన్నాదా?"

ఈ పుస్తకంలో మూడుసార్లు రాశాను, ఆకలంది అని. ఔను అంటే చాలు. ఆకలన్న బిడ్డకి పెట్టిందిలే అనుకుంటాడు. ఆ మాట మీద మిగతా బతుకంతా గడిపేస్తాడు. ఆయన మొహం చూశాను. ఆ మాట కోసమే అడుగుతున్నాడని కూడా తెలుసు.

"నేదు" అన్నాను. "వొద్దన్నాది. వాంతొస్తాదేమో అమ్మా అన్నాది. నా మీద ఒట్టు, ఇదొక్కటే అని ముద్ద ముద్దకీ అంటూ డబ్బా అంతా నానే పెట్టీసినాను."

నేను కట్టిచ్చిన టిఫిన్ క్యారియర్ చేతిలో ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంక దాచినది లేదు.

ఆగస్టు 19, సోమవారం

పొద్దున ఏడింటికి వచ్చాడు. రాత్రి ఏమీ తినలేదని మొహం చూస్తే తెలుస్తోంది. కాళ్ళు కడుక్కున్నాడు. పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేను గిన్నె, గరిటె ఆయన దగ్గరికి జరిపి పక్కకి తప్పుకున్నాను.

ముట్టుకోలేదు.

"పెట్టు" అన్నాడు.